లివర్‌కి విశ్రాంతి అని తిండి తగ్గించకండి

ప్రశ్న: మా నాన్నగారి వయసు 61. హెపటైటిస్-బి వల్ల చాలా ఏళ్లుగా లివర్ దెబ్బతిని ఉంది, సిరోసిస్ మొదలైందన్నారు. పోయిన నెల స్కాన్‌లో కుడివైపు క్యాన్సర్ గడ్డ బయటపడింది. ఆపరేషన్ చేసి ఆ భాగం తీసేస్తామన్నారు. తీరా పరీక్షలన్నీ అయ్యాక, ‘పోషకాహార లోపం ఉంది, రెండు వారాలు బాగా తిని రండి, అప్పుడు చేద్దాం’ అని సర్జన్ వాయిదా వేశారు. నాలుగు నెలల్లో నాన్న 72 కిలోల నుంచి 65 కిలోలకు వచ్చిన మాట నిజమే. కానీ చూడ్డానికి మరీ బక్కగా ఏం లేరు, పొట్ట కూడా కాస్త ముందుకే ఉంది. పాదాలు కొంచెం వాస్తున్నాయి. లివర్‌కి పని తగ్గించాలని గుడ్లు, పాలు, పప్పు, మాంసం ఆపేశాం. సూప్, పండ్లరసం, ఉడికించిన కూరగాయలు ఇస్తున్నాం. రాత్రి ఏడింటికల్లా తినిపించేస్తాం, మళ్లీ పొద్దున ఎనిమిదింటికే. ఈ రెండు వారాల్లో క్యాన్సర్ పెరిగిపోతుందేమోనని ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది. తిండికీ ఈ ఆపరేషన్‌కీ నిజంగా అంత సంబంధం ఉందా?
ఒక పాఠకురాలు

జవాబు: ఉందమ్మా, మీరు అనుకుంటున్నదానికంటే ఎక్కువే ఉంది. మీ సర్జన్ చేసింది సరైన పని.

ముందు మీ టెన్షన్ సంగతి చూద్దాం. లివర్‌లో పుట్టే క్యాన్సర్ గడ్డ రెట్టింపు కావడానికి చాలామందిలో నెలలు పడుతుంది. వేగంగా పెరిగేవీ ఉంటాయి, కాదనను. మీ నాన్నగారిది ఏ తరహాదో, ఎన్నాళ్లు ఆగొచ్చో స్కాన్లు చేతిలో పెట్టుకున్న సర్జన్‌కి తెలుస్తుంది. ఆయన రెండు వారాలన్నారంటే ఆ లెక్క చూసుకునే అని ఉంటారు. ఇది ఆయన సొంత పద్ధతి కూడా కాదు. పోషకాహార లోపం తీవ్రంగా ఉంటే, అది క్యాన్సర్ ఆపరేషన్ అయినా సరే, 7 నుంచి 14 రోజులు ఆగి, తిండి సరిచేశాకే కత్తి పట్టమని యూరప్ పోషకాహార నిపుణుల సంఘం ‘ఎస్పెన్’ మార్గదర్శకాలు చెబుతున్నాయి.

ఇక అసలు విషయం. పిత్తాశయం తీసేస్తే అది లేకుండానే బతికేస్తాం. లివర్ అలా కాదు. కొంత భాగం తీసేశాక మిగిలిన ముక్కే ఆ క్షణం నుంచి మొత్తం లివర్ పని చేయాలి. చేస్తూనే పెరగాలి కూడా. ఆరోగ్యమైన లివర్ అయితే నాలుగో వంతు మిగిలినా నెట్టుకొస్తుంది. సిరోసిస్ వల్ల మచ్చలు కట్టి గట్టిపడిన లివర్‌లో కనీసం 40 శాతమైనా మిగలాలని సర్జన్లు చూసుకుంటారు, ఎందుకంటే అది పెరిగే వేగం తక్కువ. ఆపరేషన్ గాయం మానాలి, రక్తం గడ్డకట్టే ప్రొటీన్లు తయారవ్వాలి, ఇన్ఫెక్షన్‌తో పోరాడే కణాలు పుట్టాలి, లివర్ కొత్త కణాలు కట్టుకోవాలి. వీటన్నిటికీ ముడిసరుకు తిండిలోంచి రావాలి. అది చాలకపోతే శరీరం సొంత కండల్ని కరిగించి ఇస్తుంది. ఆ కండే ముందుగా కరిగిపోయి ఉన్న మనిషిని ఆపరేషన్ బల్ల మీద పడుకోబెడితే మిగిలిన దారి ఏముంది?

అందుకే పోషకాహార లోపం ఉన్నవాళ్లలో ఆపరేషన్ తర్వాత సమస్యలు ఎక్కువ. ఛాతీ కండరాలు బలహీనంగా ఉన్నవాళ్లు గట్టిగా దగ్గలేరు, కఫం లోపలే ఉండిపోయి న్యుమోనియా వస్తుంది. కుట్లు ఆలస్యంగా మానతాయి, వాటిలో చీము పట్టొచ్చు. పొట్టలో నీరు చేరుతుంది. అన్నిటికంటే భయపడాల్సింది మిగిలిన లివర్ చేతులెత్తేయడం. ఆపరేషన్ అయిన ఐదో రోజుకి కూడా బిలిరుబిన్ (కామెర్లను చూపే కొలత), ఐఎన్‌ఆర్ (రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతోందో చూపే కొలత) పెరిగే ఉంటే డాక్టర్లు దీన్నే అనుమానిస్తారు. సీటీ స్కాన్‌లో కండ బాగా తక్కువగా కనిపించినవాళ్లలో కాంప్లికేషన్లు ఎక్కువగా వస్తున్నాయని, తర్వాత జీవించే కాలం కూడా తగ్గుతోందని ఎన్నో అధ్యయనాల్లో తేలింది.

‘మరి తిండి సరిచేస్తే ఇది మారుతుందా’ అన్నది న్యాయమైన ప్రశ్న. 1994లో హాంకాంగ్ సర్జన్లు దీన్నే పరీక్షించి న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ప్రచురించారు. లివర్ క్యాన్సర్ ఆపరేషన్‌కి వచ్చిన 124 మందిని రెండు గ్రూపులు చేశారు. ఒక గ్రూపుకి మామూలు భోజనంతో పాటు ఆపరేషన్‌కి ముందూ వెనకా కలిపి 14 రోజులు నరం ద్వారా పోషకాలు ఎక్కించారు. రెండో గ్రూపుకి అది లేదు. కాంప్లికేషన్లు రెండో గ్రూపులో 55 శాతం మందికి వచ్చాయి, పోషకాలు అందిన గ్రూపులో 34 శాతానికి తగ్గాయి. ముఖ్యంగా తగ్గింది ఇన్ఫెక్షన్లు. మరణాల్లో మాత్రం గట్టిగా చెప్పదగ్గ తేడా కనబడలేదు. అప్పటికీ ఇప్పటికీ ఆపరేషన్ పద్ధతులు చాలా మారాయి, నోటితో తినగలిగేవాళ్లకి ఇప్పుడు నరం ద్వారా ఎక్కించరు. అయినా మీ సర్జన్ మాట వెనకున్న ఆలోచన ఎక్కడిదో తెలియాలని ఇదంతా చెప్పాను.

ఇప్పుడు మీ నాన్నగారి బరువు చూద్దాం. 72లో 7 కిలోలు పోయాయంటే దాదాపు 10 శాతం. ఆరు నెలల్లో 5 శాతం దాటి తగ్గితేనే పోషకాహార లోపానికి అదొక గుర్తుగా తీసుకుంటారు. పైగా ఆ 65 కిలోలన్నీ ఆయనవి కావు. పాదాల వాపు, ముందుకొచ్చిన పొట్ట చూస్తే అందులో కొంత నీరే అనిపిస్తోంది. పొట్టలో నీరు కొద్దిగా ఉన్నప్పుడు బరువులోంచి 5 శాతం, కాళ్ల వాపు కూడా ఉంటే ఇంకో 5 శాతం తీసేసి లెక్కేసే పద్ధతి ఒకటుంది. నీరు ఉందో లేదో స్కాన్ చూసి మీ డాక్టరే చెప్పాలి. ఒక్క 5 శాతమే తీసేసినా అసలు బరువు 62 దగ్గరకొస్తుంది. అంటే నాలుగు నెలల్లో పోయింది 10 కిలోలు! కండ తరుగుతుంటే ఆ చోటు నీరు నింపేస్తుంది, తూకం మాత్రం బాగానే ఉన్నట్టు చూపిస్తుంది. లావుగా ఉన్నవాళ్లలో ఇదే పని కొవ్వు చేస్తుంది. ‘మనిషి బాగానే ఉన్నాడు కదా’ అని ఇంట్లోవాళ్లే కాదు, ఒక్కోసారి డాక్టర్లూ మోసపోతారు.

తూకం పక్కన పెట్టి మనిషిని చూడండి. కణతల దగ్గర లోతు పడిందా? భుజం మీద ఎముక మూల తేలి కనిపిస్తోందా? చెయ్యి బోర్లా పెట్టి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చూడండి. అక్కడ మామూలుగా కాస్త ఉబ్బెత్తుగా కండ ఉంటుంది, ఇప్పుడు గుంట పడిందా? కుర్చీలో కూర్చోబెట్టి, చేతులు ఛాతీకి ఆనించి, ఏ ఆసరా లేకుండా ఐదుసార్లు లేచి కూర్చోమనండి. పక్కన మీరు నిలబడండి. మధ్యలో చేతులు ఆనించాల్సి వచ్చిందంటే తొడ కండలు ఎంత తగ్గాయో మీకే తెలిసిపోతుంది. హాస్పిటల్లో అయితే చేతి పట్టు బలం యంత్రంతో కొలుస్తారు. గడ్డ కోసం తీసిన సీటీ స్కాన్‌లోనే నడుములోని మూడో వెన్నుపూస దగ్గర కండ ఎంతుందో కూడా లెక్క కట్టొచ్చు, వేరే స్కాన్ అక్కర్లేదు. అడగండి.

రిపోర్టులో అల్బుమిన్ అనే రక్తంలోని ప్రొటీన్ చూసి ‘అది బాగుంది కాబట్టి తిండి బాగానే ఉంది’ అనుకోవద్దు, తక్కువుంటే గుడ్డులో తెల్లసొన తినిపిస్తే పెరిగిపోతుందనీ అనుకోవద్దు. దాన్ని తయారుచేసేది లివరే. లివర్ జబ్బులోనూ ఒంట్లో ఇన్ఫెక్షన్ ఉన్నా అది తగ్గుతుంది. ఆపరేషన్ రిస్క్ అంచనాకి అది పనికొస్తుంది గానీ రెండు వారాల తిండిని దాంతో కొలవలేం.

మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే కలవరపెట్టింది రాత్రి ఏడు, పొద్దున ఎనిమిది అన్న మాట. పదమూడు గంటలు! మీరు లివర్‌కి రెస్ట్ ఇస్తున్నామనుకున్నారు. కానీ పస్తున్నంతసేపూ లివర్‌కి రెస్ట్ ఉండదు, రక్తంలో చక్కెర పడిపోకుండా చూసే డ్యూటీ దానిదే. ఆరోగ్యవంతుల లివర్‌లో గ్లైకోజెన్ అనే చక్కెర నిల్వ ఉంటుంది, రాత్రంతా దాన్నే వాడుకుంటుంది. సిరోసిస్ ఉన్న లివర్‌లో ఆ నిల్వ చాలా తక్కువ, రాత్రి మధ్యలోనే అయిపోతుంది. అప్పుడు శరీరం, చేతిలో చిల్లర లేక ఫిక్స్‌డ్ డిపాజిట్ బద్దలుకొట్టినట్టు, కండల్లోని ప్రొటీన్‌ని విరిచి చక్కెర చేసుకుంటుంది. సిరోసిస్ ఉన్నవాళ్లకి ఒక్క రాత్రి పస్తు, మామూలు మనిషి రెండు మూడు రోజులు పస్తున్నదానితో సమానం అని పరిశోధకులు చూశారు. మీ నాన్నగారి ఒంట్లో ఇది ప్రతి రాత్రీ జరుగుతోంది.

దీనికి మందు తేలికైనదే. పడుకోబోయే ముందు కాస్త తినడం. కనీసం 50 గ్రాముల పిండిపదార్థం ఉండేట్టు, కొంచెం ప్రొటీన్ తోడుగా. రెండు బ్రెడ్ ముక్కలు, గ్లాసు పాలు, చిన్న అరటిపండు అయితే సరిపోతుంది. 2008లో వచ్చిన ఒక అధ్యయనంలో సిరోసిస్ ఉన్నవాళ్లకి ఒకే సప్లిమెంట్‌ని కొందరికి పగలు, కొందరికి రాత్రి ఇచ్చి ఏడాది చూశారు. రాత్రి తీసుకున్నవాళ్లకి దాదాపు 2 కిలోల కండకి సమానమైన ప్రొటీన్ ఒంటికి చేరింది, పగటివాళ్లకి చేరలేదు. పొద్దున కూడా ఎనిమిది దాకా ఆగొద్దు, లేచిన గంటలోపే ఏదో ఒకటి తినిపించండి.

రెండోది ప్రొటీన్ భయం. లివర్ జబ్బులో ప్రొటీన్ తింటే అమోనియా అనే విషపదార్థం రక్తంలో పెరిగి మెదడుకి ఎక్కుతుంది, మనిషి మగతలోకి పోతాడు అని ఒకప్పుడు డాక్టర్లే చెప్పేవారు. ఇళ్లల్లో పథ్యం అలా స్థిరపడిపోయింది. ఆ సలహా పాతబడింది. 2004లో స్పెయిన్ డాక్టర్లు, మగతతో హాస్పిటల్లో చేరిన సిరోసిస్ రోగుల్లోనే కొందరికి ప్రొటీన్ తగ్గించి, కొందరికి మామూలుగా ఇచ్చి చూశారు. మగత తగ్గడంలో తేడా లేదు. ప్రొటీన్ తగ్గించినవాళ్లకి ఒరిగిందల్లా కండ ఇంకా ఎక్కువ కరగడమే. అసలు లివర్ తర్వాత అమోనియాని పట్టి పక్కన పెట్టేది కండే. అది తగ్గేకొద్దీ మగత వచ్చే అవకాశం పెరుగుతుంది. అంటే మీరు దేనికి భయపడి గుడ్లు, పప్పు ఆపేశారో దానికే దారి వేస్తున్నారన్నమాట.

ఎంత పెట్టాలి? కిలో బరువుకి రోజుకి 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రొటీన్. నీరు తీసేసిన 62 కిలోలకి లెక్కేస్తే 75 నుంచి 90 గ్రాములు. కేలరీలు కిలోకి 30 నుంచి 35, అంటే రోజుకి దాదాపు 1,900 నుంచి 2,200. ఇప్పుడు మీరిస్తున్న సూప్, పండ్లరసం, కూరగాయల్లో ఇందులో సగం ప్రొటీన్ కూడా ఉండదు. రోజులో రెండు గుడ్లు తింటే 12 గ్రాములు వస్తుంది. పాలు, పెరుగు కలిపి మూడు గ్లాసులైతే 20 దాకా. 60 గ్రాముల పప్పు వండితే 13. వంద గ్రాముల వండిన చికెన్ గానీ చేప గానీ 22 నుంచి 25. మిగతా పది, పదిహేను అన్నం, రొట్టె, గింజల్లోంచి వచ్చేస్తాయి. మాంసం తినకపోతే పనీరు, సోయా, ఇంకాస్త పప్పు ఆ లోటు పూడుస్తాయి. ఏ ఒక్కటీ తప్పనిసరి కాదు, లెక్క పూర్తవ్వాలి అంతే. నూనె, నెయ్యి కూడా పూర్తిగా మానేయొద్దు. కామెర్లు ఎక్కువగా ఉంటే డైటీషియన్‌ని అడిగి తగ్గించండి.

ఆకలే లేనివాళ్లకి ఇంత పెట్టడం చెప్పినంత తేలిక కాదని తెలుసు. పొట్టలో నీరు, గడ్డ కలిసి జీర్ణాశయాన్ని నొక్కుతుంటే నాలుగు ముద్దలకే కడుపు నిండినట్టుంటుంది. అందుకని మూడు పూటల పద్ధతి వదిలేసి ఆరేడు సార్లు కొంచెం కొంచెంగా పెట్టండి. సూప్, మంచినీళ్లు, రసం భోజనానికి ముందు ఇచ్చి కడుపు నింపేయొద్దు, తర్వాత ఇవ్వండి. పండ్లరసం బదులు పాలతో చేసిన పానీయం ఇస్తే అదే గ్లాసులో రెండింతలు పని జరుగుతుంది. ఆయనకి ఇష్టమైనది ఏదైనా ఉంటే అదే పెట్టండి, ఇది నోరు కట్టేసే సమయం కాదు. వాపు వల్ల ఉప్పు తగ్గించమని ఉంటారు, రోజుకి 5 గ్రాములు దాటకపోతే మంచిదే. కానీ ఉప్పు లేదని ఆయన పళ్లెం పక్కకి నెట్టేస్తుంటే డాక్టర్‌కి చెప్పి కాస్త సడలించండి. చప్పిడి తిండి వల్ల తిండే తగ్గిపోతే లాభం కంటే నష్టమే ఎక్కువ. ఇంత చేసినా లెక్కలో సగం కూడా లోపలికి వెళ్లకపోతే మొహమాటపడకుండా డైటీషియన్‌కి ఫోన్ చేయండి. సప్లిమెంట్ పానీయాలున్నాయి, అవసరమైతే ముక్కు ద్వారా సన్నటి ట్యూబ్ వేసి పోషకాలు ఇస్తారు. ట్యూబ్ అనగానే చివరి దశ అనుకుని ఇంట్లో ఏడుపులు మొదలవుతాయి. పది రోజుల పని అది, తీసేస్తారు.

ఒక్క జాగ్రత్త. వారం పైగా ఆయన దాదాపు ఏమీ తినకుండా ఉండి ఉంటే ఒక్కసారిగా పెంచకండి. చాలాకాలం పస్తున్న శరీరంలోకి ఒక్కసారి తిండి వెళితే రక్తంలో ఫాస్ఫేట్, పొటాషియం ప్రమాదకరంగా పడిపోవచ్చు. మొదట్లో రక్తపరీక్షలు చూసుకుంటూ, డైటీషియన్ చెప్పిన మెట్ల ప్రకారం పెంచాలి. షుగర్ ఉంటే మందుల డోసు కూడా మార్చాల్సి రావచ్చు.

‘చక్కెర, పిండిపదార్థం ఆపేస్తే క్యాన్సర్ ఎండిపోతుంది’ అని ఎవరో ఒకరు చెబుతారు. క్యాన్సర్‌ని పస్తు పెట్టలేం, మనిషినే పెడతాం. అలాగే లివర్‌కి మంచిదని ఇచ్చే పొడులు, కషాయాలు, మూలికల మాత్రలు ఈ రెండు వారాలూ దగ్గరికి రానివ్వద్దు. వాటిలో కొన్ని నేరుగా లివర్‌నే దెబ్బతీస్తాయి, ఆపరేషన్ ముంగిట బిలిరుబిన్ పెరిగిందంటే మళ్లీ వాయిదాయే. ఆయన హెపటైటిస్-బి మాత్రలు వాడుతుంటే మాత్రం ఒక్కరోజు కూడా మానొద్దు.

తిన్నది కండకి పట్టాలంటే కండకి పని ఉండాలి. మంచం మీద కూర్చోబెట్టి తినిపిస్తే చాలా వరకు కొవ్వే చేరుతుంది. డాక్టర్ వద్దనకపోతే పూటకి పదిహేను, ఇరవై నిమిషాలు నడిపించండి. పైన చెప్పిన కుర్చీ పరీక్షనే రోజూ రెండు విడతలు వ్యాయామంలా చేయించండి. ఊపిరి గట్టిగా పీల్చే వ్యాయామం హాస్పిటల్లో నేర్పుతారు, అది ఇప్పుడే మొదలుపెట్టాలి.

రెండు వారాల్లో పోయిన కిలోలు తిరిగి రావు. మీ సర్జన్ వాటికోసం ఆగట్లేదు కూడా. కరుగుదల ఆగాలి, లివర్‌లో నిల్వ కాస్త నిండాలి, మనిషి తన కాళ్ల మీద ఆపరేషన్ థియేటర్ దాకా వచ్చేంత ఓపిక రావాలి. మీరు తూకం చూసి నిరాశపడకండి. తిండి బాగా పెడుతున్నా వాపు దిగితే బరువు ఇంకా తగ్గినట్టు కనిపించొచ్చు. తూకం పెరిగిందంటే అది నీరేమో చూసుకోవాలి, ముఖ్యంగా రోజుకో కిలో పెరుగుతుంటే.

అడ్మిట్ అయ్యే ముందు రోజు కూడా పస్తు ఎక్కువ కాకుండా చూడండి. సాధారణంగా గట్టి ఆహారం ఆరు గంటల ముందు, నీళ్లలాంటి పల్చటి ద్రవాలు రెండు గంటల ముందు ఆపితే చాలంటున్నారు. పొట్టలో నీరు ఉన్నవాళ్లకి ఇది మారొచ్చు కాబట్టి మత్తు డాక్టర్‌ని అడగండి. కానీ పొద్దున పది గంటల ఆపరేషన్‌కి ముందు రోజు సాయంత్రం నుంచే నోరు కట్టేస్తుంటే, అంతసేపు అవసరమా అని అడిగే హక్కు మీకుంది. ఆపరేషన్ మధ్యాహ్నానికి వాయిదా పడితే మళ్లీ అడగండి.

ఆపరేషన్ అయ్యాక మర్నాటి నుంచే నోటితో మొదలుపెట్టించడం ఇప్పుడు చాలాచోట్ల అలవాటు. కడుపు ఉబ్బరం, వికారం ఉన్నా గుటకగుటకగా మొదలవుతుంది. మిగిలిన లివర్ తొలి రెండు వారాల్లోనే వేగంగా పెరుగుతుంది, ఆ తర్వాత నెలల తరబడి మెల్లగా సాగుతుంది. కాబట్టి ఇంటికొచ్చాక ‘ఆపరేషన్ అయిన ఒళ్లు’ అని మళ్లీ పథ్యం మొదలుపెట్టకండి. ఇప్పటి ఈ లెక్కే, పడుకోబోయే ముందు తినేదాంతో సహా, తర్వాతా కొనసాగాలి. మగత, మాట తడబడటం, జ్వరం, కామెర్లు ముదరడం, పొట్ట పెరగడం, రెండు రోజులు వరసగా తినలేకపోవడం, వీటిలో ఏది కనిపించినా రివ్యూ తేదీ దాకా ఆగకుండా వెంటనే తీసుకెళ్లండి.